చేతిలో డిక్షనరీ ఉన్నా ఇంగ్లీషు మాట ఎందుకు నిలవదు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: ఫోనులో డిక్షనరీలు ఎన్ని ఉన్నా ఇంగ్లీషు మాటలు వంటబట్టడం లేదు. వాటిలో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివానండి. ఇప్పుడు ఇంటర్ ఇంగ్లీషు మీడియం. తెలియని మాట రాగానే ట్రాన్స్‌లేటర్ తెరిచి తెలుగు అర్థం చూస్తున్నాను. మాటల అర్థాలు తెలుస్తున్నాయి గానీ వాక్యం అర్థం కావడం లేదు. మర్నాటికి ఆ మాటలూ గుర్తుండటం లేదు. ఏ డిక్షనరీ వాడమంటారు?
*ఇంటర్ విద్యార్థిని, అమలాపురం*

జవాబు: ట్రాన్స్‌లేటర్ వాక్యాలను మార్చడానికి తయారైంది. ఒంటి మాట ఇస్తే అది ఏ సందర్భంలోదో దానికి తెలియదు కాబట్టి, ఎక్కువగా వాడే అర్థం ఏదో ఒకటి చూపిస్తుంది. 'యీల్డ్' అనే మాట తీసుకోండి. తెలుగులో 'దిగుబడి' అని రాసుకుంటారు. ఎకరాకి ఎన్ని బస్తాలు పండాయో చెప్పే వాక్యంలో అది అతుకుతుంది. కానీ 'ద గవర్నమెంట్ డిడ్ నాట్ యీల్డ్ టు ప్రెషర్' అన్నచోట దిగుబడితో పని జరగదు, అక్కడ అర్థం 'తలొగ్గడం'. మీ ఫిజిక్సు పుస్తకంలో 'యీల్డ్ పాయింట్' అంటే, లాగిన తీగ వదిలేసినా పూర్తిగా పాత పొడవుకి రాకుండా పోవడం మొదలయ్యే చోటు. అమెరికాలో రోడ్డు పక్క బోర్డు మీద అదే మాట ఉంటే 'అవతలి బండికి దారి ఇవ్వండి' అని. ఒక్క తెలుగు మాట పక్కన రాసుకుని ఊరుకుంటే మిగతా మూడు చోట్లా వాక్యం మీకు అడ్డం తిరుగుతుంది.

మీకు కావలసింది ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం రాసిన ఇంగ్లీషు-ఇంగ్లీషు డిక్షనరీ. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్, ఈ మూడూ బ్రౌజరులో ఉచితంగా దొరుకుతాయి. మామూలు పెద్ద డిక్షనరీలు ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్ళ కోసం రాసినవి, కష్టమైన మాటను ఇంకో కష్టమైన మాటతో వివరిస్తాయి. లాంగ్‌మన్ అర్థాలన్నీ సుమారు 2,000 తేలిక మాటలతోనే రాస్తారు. ఆ రెండు వేలు వస్తే మిగతా డిక్షనరీ అంతా చదువుకోవచ్చు. మెక్‌మిలన్ డిక్షనరీ వెతకమని పాత గైడ్లు ఇంకా చెబుతుంటాయి. ఆ సైటు 2023లో మూతపడింది, దాని కోసం తిరగకండి.

ఇక చూసే పద్ధతి. ముందు డిక్షనరీ తెరవకుండా వాక్యాన్నే ఇంకోసారి చదవండి. ఆ మాట అక్కడ దేనికైనా పేరా (నౌన్), చేసే పనా (వెర్బ్), గుణమా తేల్చుకోండి. ముందు 'ది' ఉందా, 'టు' ఉందా, చివర 'ఈడీ' ఉందా అన్నది చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. డిక్షనరీలో నౌన్‌కి ఒక భాగం, వెర్బ్‌కి ఒక భాగం ఉంటాయి, సరైన భాగంలోకి వెళ్ళండి. అక్కడ మొదటి అర్థం దగ్గరే ఆగిపోవడం అందరూ చేసే పొరపాటు. ఎక్కువ అర్థాలున్న మాటలకు ఒక్కో అర్థం ముందు ఒకటి రెండు మాటల గుర్తు ఉంటుంది. కేంబ్రిడ్జ్‌లో అది పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. ముందు ఆ గుర్తుల మీదుగా కిందికి దిగి, మీ వాక్యానికి దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకోండి. దాని కింద ఉన్న ఉదాహరణ వాక్యాన్ని మీ పుస్తకంలోని వాక్యం పక్కన పెట్టి చూడండి. రెండూ కలిస్తే అదే మీ అర్థం. తెలుగు మాట కోసం వెళ్ళాల్సింది అప్పుడే. అప్పటికి ఏ తెలుగు మాట నప్పుతుందో మీకే తెలిసిపోతుంది.

చెట్లు, చేపలు, రోగాలు, పనిముట్ల పేర్లకు ఇంత శ్రమ అక్కర్లేదు. వాటికి తెలుగు పేరో బొమ్మో చూస్తే చాలు.

తెలియని ప్రతి మాటనూ నేర్చుకోవాలని పెట్టుకోకండి. ఆక్స్‌ఫర్డ్‌లో ముఖ్యమైన 3,000 మాటలకు, ఆ పైన ఇంకో 2,000 మాటలకు ప్రత్యేకమైన గుర్తులు, ఏ1 (అన్నిటికంటే తేలిక) నుంచి సీ1 (కష్టం) దాకా స్థాయిలు ఉంటాయి. మీరు వెతికిన మాటకు బీ2 లోపు స్థాయి ఉంటే నోటుబుక్కులో రాసుకోండి. ఏ గుర్తూ లేకపోతే, అది మీ సబ్జెక్టు మాట కాని పక్షంలో, అర్థం చూసి ముందుకు సాగిపోండి. పాఠానికి ఐదారు మాటలు పూర్తిగా పట్టుబడితే అది మంచి వేగమే.

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. వాడికి చెప్పడానికని నేనూ నేర్చుకుంటున్నాను. డిక్షనరీలో మాట పక్కన రెండు స్పీకరు బొమ్మలు ఉంటున్నాయి. ఏది వినాలి? విన్నదాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చా?
*గృహిణి, పాలకొల్లు*

జవాబు: ఒకటి బ్రిటన్ పలుకు, ఇంకోటి అమెరికా పలుకు. ఏదైనా పరవాలేదు, ఒకదానికే కట్టుబడండి. మన స్కూలు పుస్తకాల స్పెల్లింగు బ్రిటన్‌ది కాబట్టి అదే వినడం సుఖం.

తెలుగు అక్షరాల్లో రాసుకోండి గానీ రెండు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది ఒత్తి పలకడం. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లీషులో ప్రతి పెద్ద మాటలోనూ ఒక భాగం మీద బరువు పడుతుంది, మిగతావి నలిగిపోతాయి. 'ఫొటోగ్రాఫ్'లో బరువు మొదటి భాగం మీద, 'ఫొటోగ్రఫీ'లో రెండో భాగం మీద, 'ఫొటోగ్రాఫిక్'లో మూడో భాగం మీద. డిక్షనరీలో ఉచ్చారణ గుర్తుల మధ్య పైన చిన్న నిలువు గీత ఉంటుంది. దాని తర్వాత వచ్చే భాగాన్నే ఒత్తాలి. తెలుగులో రాసుకునేటప్పుడు ఆ భాగం కింద గీత పెట్టండి. అదే గుర్తుల్లో తలకిందులుగా తిప్పిన ఇంగ్లీషు 'ఈ' అక్షరం తరచూ కనిపిస్తుంది, అది ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే అచ్చు. 'అ'లాగే ఉంటుంది కానీ గొంతు పెగల్చకుండా వదిలేస్తారు. 'కంఫర్టబుల్' అని మనం నాలుగు భాగాలుగా అంటాం. విని చూడండి, ఎక్కువగా 'కంఫ్-ట-బుల్' అని మూడే వినిపిస్తాయి. 'వెజిటబుల్' కూడా 'వెజ్-ట-బుల్'.

రెండో సంగతి, తెలుగు లిపిలో తేడా చూపించలేని శబ్దాలు. 'వెస్ట్' అని రాస్తే అది పడమరా, లోపల వేసుకునే బనీనా తెలియదు. ఒకటి పెదవులు సున్నాలా చుట్టి పలికేది, ఇంకోటి పై పళ్ళు కింది పెదవికి ఆనించి పలికేది. 'జూ' అన్నప్పుడు కూడా మన 'జ' వేరు, ఇంగ్లీషులో ఆఖరి అక్షరం తెచ్చే తేనెటీగ రొద లాంటి శబ్దం వేరు. మాట చివర 'ఉ' చేర్చడం, అంటే 'బస్సు', 'బుక్కు' అనడం, మొదట 'య' చేర్చి గుడ్డుని 'యెగ్గు' అనడం మనకు అలవాటు. తెలుగులో అవి తప్పు కాదు. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మాత్రం వదిలించుకోవాలి.

రోజుకి మూడు మాటలు చాలు. స్పీకరు మూడుసార్లు నొక్కి వినండి, పైకి అనండి, ఫోనులో రికార్డు చేసి రెండూ పక్కపక్కన వినండి. రికార్డు చేయకపోతే మన పలుకు మనకి ఎప్పుడూ సరిగానే వినిపిస్తుంది. డిక్షనరీ గొంతు మరీ నిదానంగా ఉంటుంది కాబట్టి, మామూలు మాటల వేగంలో వినాలంటే యూగ్లిష్ అనే సైటులో మాట టైపు చేయండి. ఆ మాట వచ్చే యూట్యూబు వీడియోలను సరిగ్గా ఆ చోటు నుంచే మొదలుపెట్టి వినిపిస్తుంది.

ప్రశ్న: ఇంగ్లీషు డిక్షనరీల్లోకి మన తెలుగు మాటలు ఏవైనా వెళ్ళాయా?
*రిటైర్డ్ ఉద్యోగి, ముమ్మిడివరం*

జవాబు: వెళ్ళాయి. వరి చేల గట్లు తవ్వేసే పందికొక్కే ఇంగ్లీషులో 'బాండికూట్' అయింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ మాట పేజీ కింద 'వర్డ్ ఆరిజిన్' దగ్గర తెలుగు పేరు చెప్పే ఉంటుంది. ఆస్ట్రేలియాలో అదే పేరు ఇంకో జంతువుకి పెట్టారు, అది పిల్లల్ని సంచిలో మోసే జాతి. ధవళేశ్వరం ఆనకట్టను ఇంగ్లీషు వాళ్ళు పిలిచిన 'ఆనికట్' తమిళం నుంచి వెళ్ళింది. ఆ ఆనకట్ట పూర్తయిన 1852లోనే సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. ఆంధ్రభారతి సైటులో ఇతర నిఘంటువులతో పాటు దాన్నీ ఉచితంగా వెతకవచ్చు. పాత తెలుగు మాటలకు అది నిధి. కానీ అందులోని ఇంగ్లీషు నూట డెబ్బై ఏళ్ళ నాటిది కాబట్టి, ఇంగ్లీషు నేర్చుకోవడానికి దాన్ని ఆధారం చేసుకోవద్దు.

ప్రశ్న: బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. రోజుకి ఇరవై కొత్త మాటలు బట్టీ పడుతున్నాను, ఆదివారానికి సగం పోతున్నాయి. మాటల్ని కార్డులుగా రాసుకుంటే మళ్ళీ మళ్ళీ అడిగే ఆంకీ యాప్ మంచిదని విన్నాను. రెండు వారాలు వాడేసరికి రోజుకి రెండొందల కార్డులు పేరుకుపోయి మానేశాను. తప్పు ఎక్కడ జరిగింది?
*డిగ్రీ పూర్తి చేసిన యువకుడు, తణుకు*

జవాబు: తప్పు ఆ ఇరవై దగ్గరే ఉంది. ఆంకీ మొదట్లో పెట్టి ఇచ్చే సంఖ్య కూడా రోజుకి 20 కొత్త కార్డులే. ప్రతి కొత్త కార్డూ తర్వాత రోజుల్లో మళ్ళీ మళ్ళీ ముందుకొస్తుంది కాబట్టి, కొత్తవి ఎన్ని పెడితే రోజువారీ పునశ్చరణ దానికి ఏడెనిమిది నుంచి పది రెట్లు దాకా పెరుగుతుంది. ఇరవై పెడితే నూట యాభై, రెండొందలు తప్పవు. డెక్ (కార్డుల కట్ట) ఆప్షన్స్‌లో కొత్త కార్డుల సంఖ్యను 6కి తగ్గించండి. పేరుకున్నవి పూర్తయ్యేదాకా దాన్ని సున్నా చేసి పాతవే తిప్పండి. సంక్రాంతికో పెళ్ళిళ్ళకో ఊరెళ్ళేటప్పుడు కూడా ముందే సున్నా చేసి వెళ్ళండి.

రెండో తప్పు బటన్ల దగ్గర జరుగుతుంది. జవాబు గుర్తు రాకపోయినా 'ఎగైన్' నొక్కడానికి మనసొప్పక 'హార్డ్' నొక్కుతుంటారు. ఆంకీ లెక్కలో 'హార్డ్' అంటే కష్టపడినా గుర్తొచ్చిందని. మరిచిపోయిన మాటని అది వచ్చినట్టే లెక్కేసి, మళ్ళీ ఆలస్యంగా చూపిస్తుంది. గుర్తు రాకపోతే 'ఎగైన్', వస్తే 'గుడ్'. మొదటి నెల ఈ రెండు బటన్లతోనే నడపండి.

కార్డు తయారీ అన్నిటికంటే ముఖ్యం. ముందు వైపు ఒంటి మాట, వెనక ఒంటి తెలుగు అర్థం రాస్తే, ఆ కార్డు దగ్గర తప్ప ఇంకెక్కడా ఆ మాట గుర్తు రాదు. 'క్లోజ్' రకం కార్డు తీసుకుని, లెర్నర్స్ డిక్షనరీలోని ఉదాహరణ వాక్యాన్నే పెట్టి, మాట ఉన్నచోట ఖాళీ వదలండి. 'ద బ్యాంక్ డాష్ హిమ్ టెన్ థౌజండ్ రుపీస్' అని ముందు వైపు, 'లెంట్' అని వెనక వైపు. పక్కన చిన్నగా 'అప్పు ఇచ్చింది' అని సూచన. తెలుగులో ఇచ్చినా పుచ్చుకున్నా 'అప్పు' అనే మాటే ఉంటుంది కాబట్టి 'లెండ్', 'బారో' మనవాళ్ళకి ఎప్పుడూ తారుమారవుతాయి. అందుకే ఆ రెంటినీ ఒకే రోజు డెక్‌లో వెయ్యకండి. దగ్గర అర్థాలున్నవి, వ్యతిరేకాలు, ఒకేలా వినిపించేవి జంటగా నేర్చుకుంటే ఒకదాన్ని ఇంకోటి చెరిపేస్తుంది. కోచింగు మెటీరియల్లో పర్యాయపదాలు గుంపులుగా ఇస్తారు, చూడటానికి పద్ధతిగా ఉంటుంది. కానీ కొత్తగా నేర్చుకునేటప్పుడు అది చెడ్డ వరుస. ఒకటి పూర్తిగా స్థిరపడిన వారం పది రోజుల తర్వాత రెండోది వెయ్యండి.

ఒకే కార్డు ఎనిమిదిసార్లు తప్పితే ఆంకీ దాన్ని 'లీచ్' అని గుర్తు పెడుతుంది. దాన్నే తిప్పుతూ కూర్చోకుండా, వాక్యం మార్చి కొత్త కార్డు రాయండి. ఎవరో చేసిన ఐదు వేల మాటల డెక్ దించుకోకండి. కార్డు రాసేటప్పుడే సగం నేర్చుకుంటాం. ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్ ఉచితం, ఐఫోను యాప్‌కి డబ్బు కట్టాలి.

ప్రశ్న: లేసు అల్లికలు ఎగుమతి చేసే వ్యాపారం మాది. విదేశాల కొనుగోలుదారులు పంపే డిజైన్లలో 'డబుల్ క్రోషే' అనే కుట్టు పేరు ఉంటుంది. ఒకరికి నచ్చిన నమూనా, అదే మాటతో వచ్చిన ఇంకొకరి ఆర్డరుకి తప్పయిపోతోంది. డిక్షనరీ చూస్తే ఒక్కో దాంట్లో ఒక్కోలా ఉంది.
*నరసాపురం పాఠకుడు*

జవాబు: డిక్షనరీలు సరిగానే చెబుతున్నాయి, రెండు దేశాల్లో రెండు కుట్లకు అదే పేరు ఉంది. బ్రిటన్ వాళ్ళ 'డబుల్ క్రోషే' అమెరికా వాళ్ళకి 'సింగిల్ క్రోషే'. అమెరికా వాళ్ళ 'డబుల్ క్రోషే' బ్రిటన్‌లో 'ట్రెబుల్'. అమెరికా 'ట్రెబుల్' బ్రిటన్‌లో 'డబుల్ ట్రెబుల్'. 'చైన్', 'స్లిప్ స్టిచ్' రెండు చోట్లా ఒకటే. పొరపాటు జరిగితే అల్లిక ఎత్తు మారిపోయి కొలత మొత్తం తప్పుతుంది.

డిజైన్‌లో ఎక్కడైనా 'సింగిల్ క్రోషే' కనిపిస్తే అది అమెరికా పద్ధతే, బ్రిటన్ పద్ధతిలో ఇప్పుడు ఆ పేరు లేదు. 'గేజ్' (అల్లిక బిగువు కొలత), 'స్కిప్' (కుట్టు వదిలెయ్యమని) అని ఉంటే అమెరికా, వాటి బదులు 'టెన్షన్', 'మిస్' అని ఉంటే బ్రిటన్. కొనేవాళ్ళు ఏ దేశం వాళ్ళన్నది చూసి అంచనాకు రావద్దు, డిజైన్ ఎక్కడి నుంచి తెచ్చారన్నది వేరే సంగతి. ఆర్డరు ఒప్పుకునేటప్పుడే ఏ పద్ధతి పేర్లో మెయిల్‌లో అడిగి రాయించుకోండి.

మెయిళ్ళ విషయంలోనూ ఇదే జాగ్రత్త. డిక్షనరీలో మాట పక్కన 'ఇండియన్ ఇంగ్లీష్' అని ఉందేమో చూడండి. 'ప్రిపోన్' మనకి రోజూ వాడే మాటే, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ దాన్ని చేర్చుకున్నాయి కూడా, అయినా ఆ గుర్తుతోనే. అనుకున్నదానికంటే ముందు తేదీకి జరపమని బయటి దేశం వాళ్ళకి రాసేటప్పుడు 'బ్రింగ్ ఫార్వర్డ్' అనండి.

ప్రశ్న: రొయ్యల చెరువులున్నాయి. మేత సంచుల మీద, మందుల డబ్బాల మీద ఇంగ్లీషు చదవాలి. 'క్రూడ్ ప్రోటీన్' అంటే ముడి ప్రోటీన్ అని ఫోను చెబుతోంది. శుద్ధి చేయనిదా?
*రొయ్యల రైతు, భీమవరం దగ్గర*

జవాబు: శుద్ధితో సంబంధం లేదండి. ల్యాబులో నేరుగా ప్రోటీన్‌ని కొలవరు. మేతలో నైట్రోజన్ ఎంతుందో కొలిచి 6.25తో గుణిస్తారు, ప్రోటీన్‌లో నైట్రోజన్ సుమారు 16% ఉంటుందని లెక్క. అలా వచ్చిన మొత్తం అంచనానే 'క్రూడ్ ప్రోటీన్'. ప్రోటీన్ కాని నైట్రోజన్ కూడా అందులో కలిసిపోతుంది కాబట్టి ఆ మాట పెట్టారు. పక్కన 'మినిమమ్' ఉంటే అంతకు తగ్గదని. ఫైబరు, తేమ దగ్గర 'మాక్సిమమ్' ఉంటే అంతకు మించదని.

రెండు మాటలు కలిసి ఒక పేరైనప్పుడు ఎప్పుడూ జంటగానే వెతకాలి. 'స్టాకింగ్ డెన్సిటీ'లో మొదటి మాట విడిగా వెతికితే కాలి మేజోళ్ళ దగ్గర తేలతారు. చెరువు లెక్కలో అది చదరపు మీటరుకి వేసే రొయ్య పిల్లల సంఖ్య. మామూలు డిక్షనరీలో జంట దొరక్కపోతే గూగుల్‌లో ఆ రెండు మాటల పక్కన 'ష్రింప్', 'మీనింగ్' అని చేర్చి వెతకండి. రొయ్య కుబుసం వదలడాన్ని చెప్పే 'మౌల్ట్' స్పెల్లింగు అమెరికాలో ఒక అక్షరం తక్కువగా ఉంటుంది, మాట ఒకటే. కౌంటు మాత్రం జాగ్రత్త. మన దగ్గర కౌంటు అంటే కిలోకి వచ్చే రొయ్యలు. అమెరికా మార్కెట్లో పౌనుకి లెక్కిస్తారు, పౌను అంటే 454 గ్రాములు కూడా నిండవు.

గూగుల్ లెన్స్‌తో సంచి ఫొటో తీసి తెలుగులోకి మార్చుకోవచ్చు. కానీ మెరిసే, ముడతలు పడ్డ సంచి మీద అంకెలు, చుక్కలు తప్పు చదువుతుంది. 0.5 కాస్తా 5 అయితే ఎంత నష్టమో మీకు చెప్పనక్కర్లేదు. మందు మోతాదు మాత్రం అచ్చులో ఉన్న అంకె చూసే వెయ్యండి.

ప్రశ్న: హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. పిల్లలు థెసారస్ చూసి వ్యాసాల్లో పెద్ద పెద్ద మాటలు దించుతున్నారు. ఎలా ఆపాలి?
*ఉపాధ్యాయిని, రావులపాలెం*

జవాబు: ఆపొద్దు, ఇంకో మెట్టు కలపండి. థెసారస్ దగ్గర అర్థాల మాటలు చూపిస్తుంది గానీ, ఏ మాట ఏ మాట పక్కన కూర్చుంటుందో చెప్పదు. 'స్ట్రాంగ్', 'పవర్‌ఫుల్' పక్కపక్కనే ఉంటాయి. టీ మాత్రం 'స్ట్రాంగ్' అవుతుంది, 'పవర్‌ఫుల్' కాదు. స్కెల్ అనే ఉచిత సైటులో మాట టైపు చేయించండి. మొదటి పేజీలో ఆ మాటతో నలభై దాకా నిజమైన వాక్యాలు వస్తాయి. 'వర్డ్ స్కెచ్' నొక్కితే దాని పక్కన తరచూ వచ్చే వెర్బులు, విశేషణాలు వరుసగా కనిపిస్తాయి. పిల్లలు థెసారస్‌లో ఎంచుకున్న మాటను తమ వాక్యంలో పెట్టే ముందు, అలాంటి వాక్యాలు కనీసం రెండు స్కెల్‌లో చూపించాలని నియమం పెట్టండి. దొరక్కపోతే పాత మాటే ఉంచాలి.

డిక్షనరీలోని వ్యాకరణపు గుర్తులు కూడా నేర్పండి. బ్రాకెట్లో 'యు' అక్షరం ఉంటే ఆ మాటకి బహువచనం లేదని. 'అడ్వైస్', 'ఫర్నిచర్', 'ఇన్ఫర్మేషన్', 'ఎక్విప్‌మెంట్' అన్నిటికీ ఆ గుర్తే. తెలుగులో సలహాలు, సమాచారాలు అంటాం కాబట్టి పిల్లలు చివర 'ఎస్' తగిలిస్తారు. 'డిస్కస్' దగ్గర 'టి' ఉంటుంది, అంటే వెంటనే కర్మ రావాలి, మధ్యలో 'అబౌట్' రాకూడదు. తెలుగులో 'గురించి చర్చించాం' అంటాం కాబట్టి ఈ తప్పు దొర్లుతుంది. ఈ రెండు గుర్తులు తెలిస్తే మీరు ఎర్ర పెన్నుతో దిద్దే తప్పుల్లో చాలా వాటిని వాళ్ళే పట్టుకుంటారు.

ప్రశ్న: లంక గ్రామం మాది. వరదల్లో రోజుల తరబడి నెట్ ఉండదు. నెట్ లేకుండా పనిచేసే డిక్షనరీ ఏది?
*పి. గన్నవరం దగ్గరి పాఠకుడు*

జవాబు: వర్డ్‌వెబ్ యాప్ ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానే పనిచేస్తుంది. ఇంకా పెద్దది కావాలంటే కివిక్స్ యాప్‌లో విక్షనరీ (నెట్‌లో అందరూ కలిసి రాసే ఉచిత నిఘంటువు) మొత్తాన్ని దించుకోవచ్చు. ఇంగ్లీషు విక్షనరీ చాలా పెద్ద ఫైలు, ఫోనులో చోటు చాలకపోవచ్చు. 'సింపుల్ ఇంగ్లీష్' విక్షనరీ దానిలో చిన్న భాగమంతే ఉంటుంది, అర్థాలూ తేలిక మాటల్లో ఉంటాయి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు ఫైలు కూడా ముందే దించి పెట్టుకోండి. అది నెట్ లేనప్పుడు చేసే అనువాదం కాస్త తక్కువ రకం, ఒంటి మాటలకి పరవాలేదు. ఇవన్నీ జూన్ లోపే, వైఫై ఉన్నచోట చేసుకుని, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒకసారి తెరిచి చూసుకోండి. కరెంటు కూడా పోతుంది కాబట్టి అచ్చు డిక్షనరీ ఒకటి ఇంట్లో ఉంచండి.